తీజ్ బుట్ట పక్కన మరో తట్ట

శ్రావణ మాసం ప్రవేశించగానే దేవరకొండ, చందంపేట, డిండి ప్రాంతాల తండాలలో తీజ్ సందడి మొదలవుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలలో పుట్టమన్ను, పశువుల ఎరువు కలిపి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. నాయక్ ఇంటి ముందు మంచె కట్టి ఆ బుట్టలను దానిపై ఉంచుతారు. తొమ్మిది రోజులపాటు పూటపూటకూ నీళ్లు తెచ్చి, పాటలు పాడుతూ వాటిని తడుపుతారు. నారు ఎంత ఏపుగా పెరిగితే అంత మేలని నమ్మకం. తొమ్మిదో రోజున ఆ బుట్టలను ఊరేగింపుగా తీసుకుపోయి చెరువులోనో వాగులోనో నిమజ్జనం చేస్తారు.

ఇది భక్తికి సంబంధించిన విషయం. ఆ నారును తినుమని ఎవరూ చెప్పరు, చెప్పరాదు కూడా. కాని చారెడు గింజలు, గంపెడు మన్ను, చెంబెడు నీళ్లు ఉంటే చాలు, సెంటు భూమి లేని ఇంటిలోనైనా పది రోజులలో పచ్చని ఆకు చేతికి వస్తుందన్న సంగతి తండాలోని ప్రతి ఆడపిల్లకూ తెలుసునని ఈ పండుగ రుజువు చేస్తున్నది. ఆ విద్య ఏడాదిలో తొమ్మిది రోజులకే పరిమితమై పోవడమే విచారించవలసిన విషయం.

ఈ విద్య తండాలకు మాత్రమే సొంతం కాదు. పెళ్లిళ్లలో పాలికలు పోసి నవధాన్యాలు మొలకెత్తించడం, ఆలయాలలో బ్రహ్మోత్సవాలకు ముందు అంకురార్పణ జరపడం అందరికీ తెలిసినవే. ఇదే ఆకును ఇప్పుడు హైదరాబాదులో మైక్రోగ్రీన్స్ అనే పేరుతో చిన్న చిన్న పెట్టెలలో పెట్టి, మామూలు ఆకుకూర ధరకు ఎన్నో రెట్లు ఎక్కువకు అమ్ముతున్నారు. మన భాషలో చెప్పాలంటే మొలకాకు. గింజ మొలిచి, మొదటి జంట ఆకులు విప్పారగానే వేరు పైభాగాన కోసుకునే లేత ఆకు ఇది. వేరుతో సహా తినే పెసర మొలకలకూ దీనికీ తేడా ఇదే. పట్నంలో అద్దాల వెనుక పెట్టి అమ్మితే గాని మన వస్తువుకు మన ఊరిలో గౌరవం దక్కదు కాబోలు.

ఈ ప్రస్తావన ఇప్పుడు ఎందుకంటే, మన ఆడవారి రక్తం పరిస్థితి ఏమీ బాగా లేదు. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నది. ఆరు నెలలు నిండిన దగ్గర నుంచి అయిదేళ్ల లోపు పిల్లలలో ఇది నూటికి 70 మంది. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ పరిస్థితి కూడా మెరుగ్గా లేదు. అక్కడ స్త్రీలలో 58.8 మంది, పిల్లలలో 63.2 మంది రక్తహీనులు. అంటే తీజ్ బుట్టకు నీళ్లు పోసే ఆడపిల్లలను ఒక వరుసలో నిలబెడితే వారిలో సగానికి పైగా రక్తం చాలనివారే ఉండవచ్చునన్న మాట. నీళ్ల బిందెతో గట్టు ఎక్కేసరికి ఆయాసం వచ్చినా, బడిలో కళ్లు తిరిగినా, నెలసరి రోజులలో లేవలేక పోయినా దాన్ని బద్ధకమని తీసిపారేసే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

పూర్వం ఈ జిల్లాలో పేదవారికి డబ్బు లేకపోయినా ఆకుకూర ఉండేది. కలుపు తీయబోయిన కూలీలు సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఒడిలో గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, తుమ్మి కూర తెచ్చుకునేవారు. విత్తక పండే ఆ కూరలకు ఖర్చు లేదు. జొన్న చేల స్థానంలో పత్తి వచ్చింది. పత్తితోపాటు కలుపు మందు వచ్చింది. కలుపు తీసే చేతులకు పని తగ్గింది, ఒడిలోకి వచ్చే కూర కూడా తగ్గింది. మందు కొట్టిన చేలో మిగిలిన ఆకును ఏరుకొని తినడం ప్రమాదం కూడా. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ విత్తని కూరల విలువను ఏనాటి నుంచో చెబుతూనే ఉన్నాయి. మన వైపు దానిని పట్టించుకున్నవారు తక్కువ.

ఇక కొని తినవలసిన కూర సంగతి. ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే మడులు ఉండవు. వానాకాలంలో ముసురు పడితే తోటకూర, కొత్తిమీర కుళ్లిపోతాయి. ఈ రెండు కాలాలలో సంతకు వచ్చే కట్ట చిన్నదవుతుంది, ధర పెద్దదవుతుంది. తండాలలో ఆ రోజులలో అన్నంలోకి కారం, పచ్చిపులుసు, మహా అయితే పలుచని పప్పు. మొలకాకు అక్కరకు వచ్చేది సరిగ్గా ఈ రోజులలోనే. చూరు కింద నీడలో ఒక తట్ట పెట్టుకుంటే దానికి ఎండ దెబ్బ లేదు, వాన దెబ్బ లేదు. పూటకు ఒక గ్లాసు నీళ్లు చాలు.

ఇందులో బలం ఎంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పదార్థాల పట్టిక ప్రకారం, వంద గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, 0.65 మాత్రమే. అంతే తూకం మెంతికూరలో 5.69 మిల్లీగ్రాములు ఉన్నది. మునగాకులో 4.56. ఎదిగిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అందాలని అదే సంస్థ 2020లో సూచించింది. రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం వండుకు తిన్నా దాని నుంచి వచ్చేది రెండున్నర మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. మిగతాది కూర, పప్పు, గుడ్డు, మాంసం, చేపల నుంచి రావాలి.

మొలకాకు మీద విదేశాలలో పరిశోధనలు జరిగాయి. 2012లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వారు, ఆ దేశపు వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కలిసి 25 రకాల మొలకాకులను పరీక్షించారు. అదే మొక్క ముదిరిన ఆకుతో పోలిస్తే, తూకానికి తూకం, చాలా రకాలలో విటమిన్లు ఎక్కువగా ఉన్నట్లు తేల్చారు. ఎర్ర క్యాబేజీ మొలకాకులో సి విటమిన్ ముదురు క్యాబేజీలో కంటే ఆరు రెట్లు ఉన్నదట.

అయితే తూకానికి తూకం అన్న మాటను మరువరాదు. తట్ట నుంచి కోసిన మొలకాకు గుప్పెడే అవుతుంది. పెద్దవారు రోజుకు వంద గ్రాముల ఆకుకూర తినాలని పోషకాహార సంస్థ చెబుతుంటే, తట్టెడు మొలకాకు అందులో సగం తూగితే గొప్ప. పైగా ఆకులోని ఇనుమును మన ఒళ్లు పీల్చుకునేది కొద్దిపాళ్లే. కనుక గుప్పెడు ఆకుతో రక్తహీనత మాయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆసుపత్రిలో, ఉపకేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు తప్పనిసరి. గర్భిణి 180 రోజులపాటు రోజుకొకటి వేసుకోవాలన్నది ప్రభుత్వ నియమం. మాత్ర వేసుకుంటే వికారమని, బిడ్డ నల్లగా పుడుతుందని వాటిని చాటున పారవేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ ఏ సంబంధమూ లేదు.

మరి మొలకాకు చేసే మేలు ఏమిటి? అన్నంలోని, పప్పులోని ఇనుమును ఒంటికి పట్టించేది సి విటమిన్. ఎండు గింజలో అది దాదాపు శూన్యం. మొలక వచ్చిన తరువాతనే పుడుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1940కి కాస్త అటూ ఇటూగా అప్పటి పంజాబులోని హిసార్ జిల్లాలో ఘోరమైన కరువు వచ్చింది. ఆకూ అలమూ దొరకక జనానికి చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు పట్టుకున్నది. అప్పుడు వారికి పంచినది మొలకెత్తిన శనగలు. వాటితోనే జబ్బు అదుపులోకి వచ్చింది. మొలకకు పచ్చదనం, వెలుతురు కూడా తోడైతే ఎ విటమిన్ నిచ్చే కెరోటిన్ పెరుగుతుంది. తీజ్ బుట్టలోని నారు నీడలో పెరిగి పసుపు రంగుకు తిరుగుతుంది. తినడానికి పెంచేది మాత్రం వెలుతురు చూసి పచ్చబడాలి.

ఏ గింజలు పోయాలన్న దానికి దూరం వెతకనక్కర లేదు. పోపు డబ్బాలో ఉండే మెంతులు అన్నిటికంటే సులువు. ఆవాలు, పెసలు, ధనియాలు, ముల్లంగి, తోటకూర విత్తనాలు కూడా పనికి వస్తాయి. ధనియాలను చెక్కతో నలిపి రెండు బద్దలు చేస్తే గాని తొందరగా మొలవవు. అయినా అవి మిగతా వాటి కంటే ఆలస్యమే. గోధుమ నారు పీచుగా ఉంటుంది, నమలడం కష్టం. తీజ్‌కు గోధుమే అయినా, కూరకు మెంతే మేలు.

మెంతులు గుప్పెడు తీసుకొని ఒక రాత్రి నానబెట్టాలి. పగిలిన కుండ అడుగు చిప్ప, పాత ప్లాస్టిక్ టబ్బు, వెదురు తట్ట, ఏదైనా సరే. అడుగున నీరు జారడానికి చిల్లులు ఉండాలి. రెండు అంగుళాల మందాన శుభ్రమైన మెత్తని మన్ను పోసి, గింజ పక్కన గింజ తగిలేటట్లు ఒత్తుగా చల్లి, పైన పలుచగా మన్ను చిలకరించి, తడి గుడ్డ కప్పాలి. మూడో రోజుకు గింజలు గుడ్డను పైకి లేపుతాయి. అప్పుడు గుడ్డ తీసి వెలుతురు తగిలే చోట, నడి ఎండ పడకుండా పెట్టాలి. ఉదయం సాయంత్రం చేత్తో నీళ్లు చిలకరిస్తే చాలు, కుమ్మరించరాదు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి బూజు పడుతుంది. పది, పన్నెండు రోజులకు నాలుగు వేళ్ల ఎత్తు ఎదుగుతుంది. అప్పుడు మన్ను తగలకుండా కత్తెరతో కోసుకోవాలి. ఒకసారి కోసిన మెంతి మళ్లీ చిగురించదు. కనుక నాలుగు రోజులకు ఒకటి చొప్పున మూడు తట్టలు వేసుకుంటే ఒకటి కోసే సరికి ఇంకొకటి అందివస్తుంది. కోయగా మిగిలిన వేళ్ల మట్టును పెంటకుప్పలో వేయవచ్చు.

తీజ్ బుట్టలో పశువుల ఎరువు వేస్తారు. తినడానికి వేసే తట్టలో పచ్చి పేడ గాని, మాగని ఎరువు గాని కలుపరాదు. గింజలోనే ఆ పది రోజులకు చాలినంత బలం ఉన్నది, ఎరువుతో పని లేదు. నీళ్లు కూడా తాగే నీళ్లే వాడాలి. ఫ్లోరైడు బోర్లు ఉన్న ఊళ్లలో మిషన్ భగీరథ నల్లా నీరు వాడడం మంచిది.

జాగ్రత్త పడవలసిన సంగతులు మరికొన్ని ఉన్నాయి. వీటిని తేలికగా తీసుకోరాదు. దుకాణంలో విత్తనాలుగా అమ్మే గింజలకు థైరం, కాప్టాన్ వంటి మందులు పట్టించి ఉంటారు. ఎరుపు, గులాబీ, ఆకుపచ్చ రంగు పూసిన గింజ ఏదైనా అది విషమే. ఎంత కడిగినా పనికిరాదు. చేలో వేయగా మిగిలిన విత్తనాల సంచి ఇంటిలో మూలన ఉంటే, తెలియని పిల్లలు అందులోనుంచి గుప్పెడు తీసి తట్టలో పోసే ప్రమాదం ఉన్నది. కిరాణా కొట్టులో వంటకు కొన్న గింజలే వాడాలి.

జొన్నను మొలకాకుగా పెంచరాదు. లేత జొన్న మేసిన గొడ్లకు నాము తగిలి నిలువునా పడిపోవడం మన రైతులు ఎన్నోసార్లు చూసినదే. ఆ విషం మనుషులకూ మంచిది కాదు. వంగ, టమాటా, మిరప నారు కూడా కోసి తినవలసినవి కావు.

ఇక పచ్చిగా తినే విషయం. 2011లో జర్మనీ దేశంలో మెంతి మొలకలు పచ్చివి తిన్న వేలాది మందికి రక్త విరేచనాలు పట్టుకొని, యాభై మందికి పైగా చనిపోయారు. ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజలలో చేరిన సూక్ష్మజీవి దానికి కారణమని విచారణలో తేలింది. వెచ్చదనం, తేమ ఉన్న చోట గింజతోపాటు సూక్ష్మజీవి కూడా పెరుగుతుంది. వేరుతో తినే మొలకల కంటే పైన కోసిన ఆకులో ఆ ప్రమాదం తక్కువే గాని, లేదని చెప్పలేము. అందువల్ల గర్భిణులు, చిన్నపిల్లలు, జబ్బు చేసినవారు పచ్చిగా తినకుండా ఉండడమే క్షేమం. అలాగని గంటసేపు ఉడికిస్తే సి విటమిన్ ఆవిరైపోతుంది. పప్పు కుతకుత ఉడుకుతున్నప్పుడు చివరగా ఈ ఆకు వేసి, ఒక్క పొంగు రానిచ్చి దించి మూత పెట్టాలి. తినేటప్పుడు నిమ్మచెక్క పిండుకుంటే ఇనుము మరింత పడుతుంది. పోపులో చుక్క నూనె ఉండాలి, లేకపోతే కెరోటిన్ ఒంటికి పట్టదు. భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు ఈ మధ్య తండాలలోనూ బాగా పెరిగింది. అన్నం ఇచ్చిన ఇనుమును చాయ్ అడ్డుకుంటుంది. కనీసం గంట ఆగి తాగడం మేలు.

మెంతి చేదని పిల్లలు తినరని తల్లుల ఫిర్యాదు. ఆ మాట నిజమే. జొన్నరొట్టె పిండిలోనో, సర్వపిండిలోనో కలిపితే చేదు అంతగా తెలియదు. మొదటిసారి పెసరతోనో, తోటకూర విత్తనాలతోనో మొదలు పెట్టినా నష్టం లేదు.

అన్నిటికంటే కష్టమైన పని తట్ట వేయడం కాదు. కోసిన కూర ఎవరి కంచంలోకి పోతున్నదన్నది అసలు ప్రశ్న. ఇంట్లో మగవారు, ఆ తరువాత పిల్లలు, ఆ తరువాత అత్త తిన్నాక, కూర అడుగంటిన గిన్నె ముందు కోడలు కూర్చుంటుంది. ఉన్న కూర అందరికీ వేసి, తాను మామిడికాయ తొక్కుతోనో ఇంత కారంతోనో ముద్ద మింగి లేచే ఇల్లాలిని త్యాగమూర్తి అని పొగడడం మనకు అలవాటు. అందరికంటే ఎక్కువ ఇనుము కావలసినది ఆమెకే. నెలనెలా రక్తం పోయేది ఆమెకే, కాన్పులో పోయేదీ ఆమెకే. ఎదిగిన మగవానికి రోజుకు 19 మిల్లీగ్రాములు చాలుతుంటే ఆమెకు 29 ఎందుకన్నారో ఇంటి పెద్దలు ఆలోచించాలి. గుప్పెడు మొలకాకు పదిమంది కంచాలలో పంచితే ఎవరికీ ఏమీ కాదు. ఆ గుప్పెడు ముందు గర్భిణికి, బాలింతకు, రజస్వల అయిన ఆడపిల్లకు దక్కాలి. మిగతావారికి తోటకూర కట్ట ఎప్పుడు దొరికితే అప్పుడు వండవచ్చు.

అంగన్‌వాడీలు ఇందులో చేయగలిగినది చాలా ఉన్నది. 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, పాలు పెట్టాలని నియమం. కూర దొరకని రోజులలో ఆ పప్పులో ఆకు జాడ ఉండదు. కేంద్రాలలో పోషణ తోటలు వేయాలని పైనుంచి ఉత్తర్వులు వస్తున్నాయి. అయితే అద్దె గదిలో నడిచే కేంద్రానికి పెరడు ఎక్కడిది? ఉన్నచోట కంచె లేక మేకలు మేసిపోతున్నాయి. కిటికీ గట్టు మీద నాలుగు తట్టలు పెట్టుకోవడానికి పెరడూ అక్కర లేదు, కంచే అక్కర లేదు. నెలకు కిలో మెంతులు, నాలుగు టబ్బులు ఇప్పించడానికి గ్రామ పంచాయతీకి పెద్ద ఖర్చు కూడా కాదు. టీచరమ్మల మీద ఇప్పటికే రికార్డుల బరువు, ఫోనులో వివరాలు ఎక్కించే బరువు ఉన్నది. అందుచేత తట్టల పనిని వారి నెత్తిన మరో రిజిస్టరుగా పెట్టకుండా, కేంద్రానికి వచ్చే గర్భిణులు, కిశోర బాలికలే వంతులవారీగా చూసుకునేటట్లు చేయడం ఉత్తమం.

తీజ్ సాధారణంగా ఆగస్టులో వస్తుంది. ఆ వెంటనే సెప్టెంబరులో పోషణ మాసమని ప్రభుత్వం జరుపుతుంది. ఆ నెలలో బ్యానర్లు కట్టి, కూరగాయలతో ముగ్గులు వేసి, ఫొటోలు దిగడం ఏటా జరుగుతున్నదే. ఈ ఏడాది ఆ ముగ్గులకు పెట్టే ఖర్చులో కొంత తండాలకు పంపి, తీజ్ నిమజ్జనం జరిగిన మరుసటి రోజునే, అదే ఆడపిల్లల చేత, వేరే మన్నుతో, వేరే తట్టలలో మెంతులు పోయించే ఏర్పాటును ఐసీడీఎస్ అధికారులు చేయాలి. బుట్టకు నీళ్లు పోయడం ఆ పిల్లలకు ఎవరూ నేర్పనక్కర లేదు. పన్నెండు రోజులు గడిచాక ఆ ఆకు వారి కంచంలోనే పడిందో లేదో చూసి రావడానికి మాత్రం ఎవరైనా తండా దాకా పోవాలి.